నల్లబూజు లెక్కించే చక్కెర



ఉల్లిపాయల గోతం విప్పినప్పుడు పై పొరల సందున నల్లని మసివంటి పొడి కనబడటం మీరంతా యెరిగినదే. చేత్తో తుడిస్తే వేళ్ళకు అంటుకొంటుంది. వేరుశనగ వేసేవారికి దీని మరో రూపం కూడా బాగా తెలుసు. విత్తనం మొలిచి నాలుగాకులు వేసిన మొక్క వున్నట్టుండి తల వాలుస్తుంది. పీకి చూస్తే నేలకు ఆనుకొన్న మొదలు కుళ్ళిపోయి, అక్కడ అదే నల్లపొడి పట్టి వుంటుంది. దీనినే మొదలు కుళ్ళు తెగులంటున్నాము. విత్తనశుద్ధి చేయకుండా వేరుశనగ విత్తవద్దని యేటా చెప్పేది ముఖ్యంగా ఇటువంటి తెగుళ్ళ కోసమే. రెండు చోట్లా దొంగ ఒక్కడే. వాడి పేరు ఆస్పర్జిల్లస్ నైగర్. ఒక రకం బూజు.

ఇక రెండో సంగతి వినండి. చక్కెర జబ్బు పట్నవాసులదే అనుకొనే రోజులు పోయినవి. ఆరోగ్య కేంద్రానికి మనం వెళ్ళినా, ఆశా కార్యకర్త మన ఇంటికి వచ్చినా, వేలికొన సూదితో గుచ్చి, సన్నని స్ట్రిప్పు అంచుకు రక్తపు బొట్టు తాకిస్తారు. ఆవగింజంత బొట్టు కూడా అక్కరలేదు. చేతిలో ఇమిడే మిషను మీద కొద్ది సెకన్లలో ఒక అంకె పడుతుంది. ఆ అంకెను చూసి మాత్ర పెంచుతారు, తగ్గిస్తారు. ఇన్సులిను తీసుకొనేవారు యెంత తీసుకోవాలో దానిని బట్టే లెక్క చూసుకొంటారు. అంటే ఒక మనిషి ప్రాణం ఆ అంకె మీద ఆధారపడి వున్నదన్న మాట.

మరి ఆ అంకె యెక్కడి నుంచి వచ్చింది? మిషనులోంచి కాదు. స్ట్రిప్పు కొన మీద పూసి ఆరబెట్టిన ఒక పదార్థం రక్తంలోని చక్కెరను పట్టి చూపింది. మిషను దాన్ని చదివింది, అంతే. ఆ పదార్థం చాలా రకాల స్ట్రిప్పులలో మన నల్లబూజు ఇచ్చినదే! బూజునే తెచ్చి పూస్తారని కంగారు పడకండి. బూజు తన వొంట్లో తయారు చేసుకొనే ఒకానొక మాంసకృత్తును వేరు చేసి, శుద్ధి చేసి వాడతారు. దాన్ని ఎంజైము అంటారు. కొన్ని పుస్తకాలలో కిణ్వమని కూడా రాస్తారు.

ఎంజైము మనకు కొత్త కాదు. రాగులు నానబోసి, మూటగట్టి మొలక రానిస్తాము గదా! మొలకెత్తిన గింజ నమిలితే తియ్యగా వుంటుంది, మామూలు గింజకు ఆ తీపి లేదు. మొలక వచ్చే సమయాన గింజలోని ఎంజైము పిండిని విరిచి చక్కెర చేసింది. ఎంజైము పని జరిపిస్తుంది గాని తాను ఖర్చయిపోదు. దానికి మరో గుణం వున్నది: మహా పట్టింపు మనిషిలాంటిది. పిండిని విరిచే ఎంజైము నూనె జోలికి పోదు. కొడవలి కోతకే గాని దుక్కికి పనికిరాదు, చూడండి, అటువంటిదే ఇది కూడా. ఈ పట్టింపు అన్న మాటను కాస్త గుర్తు పెట్టుకోండి. నేటి ప్రసంగమంతా దాని మీదనే నడుస్తుంది.

నల్లబూజులోని ఎంజైము పేరు గ్లూకోజ్ ఆక్సిడేజు. 1928లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు డెట్లెఫ్ ముల్లర్ దీనిని ఈ బూజులో కనిపెట్టాడు. మన రక్తంలో పారే చక్కెర గ్లూకోజు. ఈ ఎంజైము వేలాది పదార్థాల మధ్య గ్లూకోజునే యెంచి పట్టుకొంటుంది. పండ్లలోని ఫ్రక్టోజు పక్కనే వున్నా ముట్టదు, మనం టీలో వేసుకొనే పంచదారను కూడా ఉన్నది ఉన్నట్టుగా ముట్టదు. పట్టుకొన్న గ్లూకోజు నుంచి రెండేసి ఎలక్ట్రానులను, అంటే కరెంటు రేణువులను, లాక్కొని గాలిలోని ఆక్సిజనుకు అప్పగిస్తుంది. గ్లూకోజు కాస్తా పుల్లని ఆమ్లమవుతుంది. ఆక్సిజను హైడ్రోజన్ పెరాక్సైడు అవుతుంది, అదే పుండ్లు కడిగేటప్పుడు నురగ వచ్చే మందు. బూజుకు దీనితో యేమి పని అని మీరడగవచ్చు. తీపి వున్న చోటికి పోటీకి వచ్చే సూక్ష్మజీవులు లెక్కలేనన్ని. చక్కెరను పులుపుగా మార్చి, పెరాక్సైడును చుట్టూ వదిలితే వాటిలో చాలావాటికి అక్కడ నిలువ నీడ వుండదు. మనం కలుపు తీసుకొన్నట్లే బూజు కూడా తన మడి తాను చూసుకొంటున్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మాటలో మాట. పులిహోరలో చిటికెడు వేసే నిమ్మ ఉప్పు నిమ్మకాయ నుంచి వస్తుందనుకొంటున్నారేమో. 1919 నుంచి ఫ్యాక్టరీలలో దాన్ని ఈ నల్లబూజు చేతనే తయారు చేయిస్తున్నారు. తెగులుగా మన పొలానికి వస్తే నష్టమే, తొట్టిలో పెట్టి పెంచితే పనివాడు!

సరే, అసలు సంగతికి వద్దాము. ఎలక్ట్రానులు చేతులు మారటమంటే కరెంటే. మీ బావి మోటారు స్టార్టరు పక్కన ఆంపియర్లు చూపే మీటరు వుంటుంది గదా. 5 హార్స్‌పవరు మోటారుకు అది సుమారు 7 ఆంపియర్లు చూపుతుంది. పంపుకు బరువు పెరిగితే ముల్లు పైకి పోతుంది. అంటే లోపల జరిగే పనిని ముల్లు బయటికి చెబుతున్నది. చక్కెర మిషను కూడా ఒక ఆంపియరు మీటరే. కాకపోతే అది చదివేది ఆంపియరులో పది లక్షలవ వంతుల లెక్క. గ్లూకోజు యెక్కువైతే ఎంజైము లాగే ఎలక్ట్రానులు యెక్కువ, కరెంటు యెక్కువ, అంకె పెద్దది. ఇట్లా ప్రాణి నుంచి తీసిన పదార్థాన్ని, కరెంటు చదివే తీగను జోడించిన సాధనాన్ని బయోసెన్సరు అంటారు.

ఈ ఆలోచనకు ఆద్యుడు అమెరికాలో లీలాండ్ క్లార్క్. 1956లో ఆయన రక్తంలో ఆక్సిజను యెంత వున్నదో కొలిచే ఎలక్ట్రోడును ప్రకటించాడు. 1962లో ఆ ఎలక్ట్రోడు మొన మీద సన్నని పొర వెనుక గ్లూకోజ్ ఆక్సిడేజును నిలిపివుంచే పద్ధతి చెప్పాడు. ఎంజైము గ్లూకోజును పట్టినకొద్దీ అక్కడి ఆక్సిజను తరిగిపోతుంది. తరుగును కొలిస్తే చక్కెర తెలుస్తుంది. గాదెలో గింజలెన్ని తరిగాయో చూసి ఇంట్లో యెంతమంది తిన్నారో లెక్క కట్టినట్లన్నమాట. ఈ పద్ధతి మీద పనిచేసే యంత్రం 1975లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అయితే అది బల్ల మీద పెట్టేది, ఆసుపత్రులకే తగినది.

దానికి ఒక చిక్కు కూడా వున్నది. రక్తంలో ఆక్సిజను అందరికీ, అన్ని వేళలా ఒక్క తీరుగా వుండదు. గాదెలో మొదట యెన్ని గింజలు వున్నదీ తెలియకపోతే తరుగు లెక్క యెట్లా నిలుస్తుంది? పోనీ, ఎంజైము ఎలక్ట్రానులను ఆక్సిజనుకు ఇవ్వకుండా నేరుగా తీగకే ఇవ్వవచ్చు గదా అంటే, ఎంజైములో పని జరిగే చోటు లోలోపల వున్నది, తీగకు అందదు. కళ్లంలో బస్తా నింపేవాడు ఒకడు, బండి మీద పేర్చేవాడు ఒకడు వుండి, మధ్యన మోసేవాడు లేకపోతే పని ఆగిపోతుంది. ఆ మోసేవాణ్ణి 1984లో ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డు, ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు కలిసి చూపించారు. అది ఫెర్రోసీను అనే ఇనుముగల పదార్థం. ఎంజైము దగ్గర ఎలక్ట్రాను అందుకొని తీగ దగ్గర దింపి, మళ్ళీ వెనక్కు వస్తుంది. 1987 నాటికి కలమంత మిషను బజారుకు వచ్చింది. ఇప్పుడు మీ వూళ్ళో వాడే మిషను దాని సంతతే. మోసేవాళ్ళు మారారు గాని పద్ధతి అదే.

ఇంతవరకూ కథ బాగానే వున్నది. ఇక జాగ్రత్తగా వినవలసిన భాగం.

ఆమధ్య అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే చోటికి వెళ్ళాను. ఆ రోజు ఆరోగ్య కార్యకర్త అక్కడే అందరికీ చక్కెర పరీక్ష చేస్తున్నది. పెనం దగ్గర నిలబడి పొద్దుటి నుంచీ బెల్లం దిమ్మలు కడుతున్న ఒక పెద్దాయన వచ్చి చెయ్యి చాచాడు. ఆమె స్పిరిటు దూదితో ఒకసారి అద్ది, గుచ్చి చూసింది. 312 అని పడింది. ఆయన బెదిరిపోయాడు. "నాను తీపి నోట్లో ఎయ్యను తల్లీ, ఈ మూడొందలు ఏటి?" అన్నాడు. ఆ అమ్మాయి తెలివైనది. "తాతా, ముందు కుళాయి కాడ చెయ్యి సబ్బుతో కడుక్కొని, బాగా తుడుచుకొని రా" అన్నది. మరో వేలు గుచ్చింది. ఈసారి 118! మొదటి అంకె ఆయన రక్తానిది కాదు, ఆయన వేలి మీది బెల్లానిది. బెల్లంలో పంచదారతో పాటు కొంత గ్లూకోజు కూడా వుంటుంది. ఎంజైము పట్టింపుగలదే, గ్లూకోజును తప్ప మరి దేన్నీ లెక్కించలేదు. కాని ఆ గ్లూకోజు రక్తంలోదా, వేలి మీదిదా అన్నది దానికి యెట్లా తెలుస్తుంది?

ఇది ఒక్క బెల్లం పనివారి సంగతి కాదు. 2011లో జపాను వైద్యులు ఇదే పరీక్షించి చూశారు. నారింజ, ద్రాక్ష, కివీ పండ్లు వొలిచిన చేతితో పరీక్ష చేస్తే అంకె అమాంతం పెరిగింది. స్పిరిటుతో తుడిచినా ఆ తప్పు పోలేదు. నీళ్ళతో కడిగితే పోయింది. మామిడి తోటలో, బత్తాయి తోటలో, అరటి గెలల దగ్గర పని చేసేవారు ఇది మనసులో వుంచుకోండి. ఆ తప్పుడు 312ను నమ్మి ఇన్సులిను యెక్కించుకొంటే రక్తంలో వున్న చక్కెర కూడా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. కడిగిన తర్వాత చెయ్యి పొడిగా తుడుచుకోవటం కూడా ముఖ్యమే, తడి వేలు మీద రక్తం పలచబడుతుంది.

స్ట్రిప్పుల డబ్బాను యెక్కడ వుంచుతున్నారు? ఇది విస్తరణ కార్యకర్తలు, ఆరోగ్య కార్యకర్తలు తమను తాము అడుగుకోవలసిన ప్రశ్న. కోడిగుడ్డు సొన వేడికి గడ్డ కట్టినట్లు, మాంసకృత్తయిన ఎంజైము కూడా వేడికి చెడుతుంది. చాలా డబ్బాల మీద 30 డిగ్రీల సెంటిగ్రేడు దాటరాదని రాసి వుంటుంది. మన రోహిణి కార్తె యెండలో మోటారు సైకిలు పెట్టె లోపల యెంత వేడి వుంటుందో చెప్పనక్కరలేదు. వేడికన్న తేమ మరీ పగవాడు. అందుకే డబ్బాలోనే తేమ పీల్చే పదార్థం పెడతారు. ఒక స్ట్రిప్పు తీయగానే మూత బిగించాలి. విత్తనాల సంచి మూతి విప్పి వానాకాలం వదిలేస్తామా? గడువు దాటిన స్ట్రిప్పు కూడా ఏదో ఒక అంకె చూపవచ్చు. అదే ప్రమాదం. మొలకెత్తని విత్తనం తన తప్పును తానే చూపుతుంది, చెడిన స్ట్రిప్పు చూపకపోవచ్చు.

అంకెను మరీ వేలెడంత తేడాకు పట్టించుకోనక్కరలేదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీగ్రాముల లోపున 15 మిల్లీగ్రాములు, అంతకు పైన నూటికి 15 వంతులు అటూ ఇటూ వుండవచ్చు. నూటికి 95 పరీక్షలు ఆ హద్దులో పడితే అది మంచి మిషనే. 200 చూపితే నిజం 170 కావచ్చు, 230 కావచ్చు. నిన్న 148, నేడు 155 అని బెంగపెట్టుకొనేవారు ఇది తెలుసుకోవాలి. రక్తహీనత గలవారిలో కొన్ని మిషన్లు వున్న దానికన్న యెక్కువ చూపుతాయి. కాబట్టి జబ్బు వున్నదా లేదా అని తేల్చవలసి వచ్చినప్పుడు చేతి రక్తనాళం నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో చూడాలి. వేలి పరీక్ష వున్న జబ్బును కనిపెట్టుకొని వుండటానికీ, అనుమానం పట్టటానికీ మాత్రమే.

బూజుల నుంచి బాక్టీరియాల దగ్గరకు వద్దాము. ఆక్సిజను బెడద లేని ఎంజైము కోసం వెతికినవారికి అసినెటోబాక్టర్ అనే బాక్టీరియాలో ఒకటి దొరికింది. ఇది మట్టిలో, నీటిలో వుండే జీవి. దీని ఎంజైము గ్లూకోజ్ డీహైడ్రోజినేజు ఆక్సిజను వైపు చూడనే చూడదు, పని కూడా చురుకు. కాని దీనికి నల్లబూజు ఎంజైముకున్న పట్టింపు లేదు. రెండు గ్లూకోజులు జతకట్టిన మాల్టోజును కూడా గ్లూకోజే అనుకొని లెక్కలో వేస్తుంది. ముఖం పోలిక చూసి యెవరినైనా లోపలికి రానిచ్చే కావలివాడిలాంటిది. మామూలు మనుషుల రక్తంలో మాల్టోజు లెక్కలోకి రాదు గనుక చాలాకాలం ఇబ్బంది కనబడలేదు. మూత్రపిండాలు చెడి, పొట్టలోకి ద్రవం యెక్కించి రక్తం శుద్ధి చేసుకొనేవారి సంగతి వేరు. ఆ ద్రవాలలో ఐకోడెక్‌స్ట్రిన్ అనే పిండిపదార్థం గలవి వున్నాయి. అది వొంట్లో విరిగి మాల్టోజు అవుతుంది. మిషను పెద్ద అంకె చూపింది, ఇన్సులిను ఇచ్చారు, నిజానికి రక్తంలో చక్కెర అప్పటికే తక్కువ. 1997 నుంచి 2009 వరకు ఇటువంటి పొరపాటుతో ముడిపడిన 13 మరణాలు తమ దృష్టికి వచ్చినట్లు అమెరికా ఆహార ఔషధ సంస్థ 2009లో హెచ్చరిక చేసింది.

మిషను చెడలేదు, చేసినవారి చెయ్యి తప్పలేదు. ఎంజైము పట్టింపు కాస్త సడలింది, అంతే. ఆ తర్వాత ఆ ఎంజైమును మార్చి పట్టింపు పెంచారు. కొందరు మళ్ళీ బూజుల దగ్గరికే పోయి, ఆక్సిజను అక్కరలేని వేరే ఎంజైమును తెచ్చుకొన్నారు. తమాషా యేమంటే, వేరుశనగలో అఫ్లాటాక్సిను విషం పెట్టే ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ బూజులో కూడా ఆ ఎంజైము వున్నది. మీ ఇంట్లో పొట్ట డయాలిసిస్ చేయించుకొనే రోగి వుంటే, స్ట్రిప్పుల పెట్టెలోని కాగితం తీసుకువెళ్ళి ఇది మాల్టోజును లెక్కిస్తుందా అని డాక్టరును అడగండి. ఏ ఎంజైము వాడినదీ ఆ కాగితంలో రాసి వుంటుంది.

ఇక మన పొలం సంగతి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో ఒక విచిత్రం గమనించారు. వరి మడిలో డయజినాను అనే పురుగుమందు మళ్ళీ మళ్ళీ వేస్తే, పోను పోను మందు మడిలో నిలవకుండా పోతున్నది. 1973లో సేతునాథన్, యోషిడా అనే శాస్త్రజ్ఞులు కారణం చెప్పారు. ఆ మడి మట్టిలోని ఒక బాక్టీరియా డయజినానును, పారాథియానును కూడా విరిచివేస్తున్నది! ఆ పని చేసే ఎంజైము ఆర్గానోఫాస్ఫరస్ హైడ్రోలేజు. అటువంటి జన్యువే అమెరికాలో దొరికిన మరో బాక్టీరియాలో కూడా కనబడింది. యెక్కడి ఫిలిప్పీన్సు, యెక్కడి అమెరికా! ఆ జన్యువు ఒక జీవి నుంచి మరో జీవికి దూకటానికి వీలుగా అమరి వున్నదని 2003లో చూపినవారిలో మన అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు వున్నారు.

ఈ ఎంజైము పారాథియాను జాతి మందును విరిస్తే పసుపుపచ్చని పారానైట్రోఫినాలు బయటపడుతుంది. దాన్ని కర్బనపు ఎలక్ట్రోడు పట్టగలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖలో 1990లలో ఇటువంటి సెన్సర్లు చేసి చూపారు. మంచి పని. అయితే ఇక్కడా పట్టింపు మాట మరవకండి. ఇది పట్టేది ఆర్గానోఫాస్ఫేటు మందులను, అందులోనూ కొన్నిటిని బాగా, కొన్నిటిని అంతంత మాత్రంగా. పైరిత్రాయిడ్లు, నియోనికోటినాయిడ్లు దీని కంటికి ఆనవు. మనమేమో మిరపకు ఒక్క పంటలోనే యెన్నో జాతుల మందులు కొడుతున్నాము. కాబట్టి యెవరైనా సంతలో ఒక పెట్టె తెచ్చి, కూరగాయకు గుచ్చితే అన్ని మందుల అవశేషాలూ చెబుతుందని బేరం పెడితే, దీనిలో పని చేసేది యేమిటి, అది దేనిని గుర్తుపడుతుంది, దేనిని గుర్తుపట్టదు అని అడగండి. జవాబు చెప్పలేకపోతే డబ్బు జేబులోనే వుంచుకోండి.

ఎగుమతికి పోయే మిరపకు, పసుపుకు అవశేషాలు తేల్చి ధ్రువపత్రం ఇచ్చేది క్రొమాటోగ్రఫీ యంత్రాలున్న ప్రయోగశాలలే. అక్కడ సరకు నిలవాలంటే ఆఖరి పిచికారీకీ, కోతకూ మధ్య విడవవలసిన రోజులు విడవాలి. ఆ రోజులు మందును బట్టి, పంటను బట్టి మారుతాయి. డబ్బాతో వచ్చే కాగితం మడత విప్పితే తెలుగులో కూడా రాసి వుంటుంది. అక్షరాలు సన్నవి. బడికి పోయే పిల్లల చేత చదివించుకొని, ఆ రోజుల సంఖ్యను పిచికారీ చేసిన తేదీతో పాటు గోడ మీది కాలెండరులో రాసుకోండి.